హాకీ ర్యాంకుల పట్టిక గురించి బుజ్జికి

బుజ్జీ,

ఈ సీజన్‌లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో అమ్మాయిల హైస్కూల్ ఐస్ హాకీ జట్లకు వారం వారం ర్యాంకులు నువ్వే వేస్తానని ఒప్పుకున్నావు కదా. ఫోన్‌లో చెబితే అంకెలు చెవిలో నిలవవు, అందుకే రాస్తున్నాను. పని చేసేటప్పుడు పక్కన పెట్టుకో.

లెక్కలోకి దిగకముందే ఒక సంగతి తేల్చుకో. నీ జాబితాలో మొదటి స్థానం ఎవరికి? ఇప్పటిదాకా అందరికన్నా ఎక్కువ సాధించిన జట్టుకా, రేపు ఎవరితో ఆడినా గెలవగల జట్టుకా? రెండూ ఒకటి కావు. సాధించినదాన్ని కొలవడానికి గెలుపోటములు చాలు. బలాన్ని కొలవాలంటే గోల్స్ తేడా కావాలి. నన్నడిగితే బలాన్నే కొలవమంటాను. ఒక్కో జట్టుకు సీజన్ మొత్తం మీద ఉండేది 25 మ్యాచ్‌లే. డిసెంబరు మధ్యకు ఏడో ఎనిమిదో అయి ఉంటాయి. అంత కొద్ది మ్యాచ్‌ల్లో గెలిచారా ఓడారా అని మాత్రమే చూస్తే, 3-2తో గట్టెక్కిన జట్టూ 6-1తో చెలరేగిన జట్టూ ఒకటే అయిపోతాయి. నువ్వు ఏది ఎంచుకున్నా సరే, పట్టిక పైన ఒక వాక్యంలో రాసిపెట్టు. ర్యాంకుల మీద వచ్చే తగాదాల్లో సగం, ఇద్దరూ రెండు వేరు ప్రశ్నలకు జవాబు చెప్పుకోవడం వల్లే వస్తాయి.

ముందు స్కోర్ల షీటు. ఒక్కో మ్యాచ్‌కు ఒక్కటే వరస: తేదీ, హోమ్ జట్టు, అవతలి జట్టు, ఇద్దరి గోల్స్, తటస్థ రింకా (ఇద్దరిదీ కాని మంచు మైదానమా) కాదా, ఓవర్‌టైమ్‌కు (అదనపు సమయానికి) వెళ్లిందా, ఎంప్టీ నెట్ గోల్స్ (గోలీ లేని ఖాళీ నెట్‌లో పడినవి) ఎన్ని, గోలీలు (గోల్‌కీపర్లు) ఎవరు. వర్సిటీ (స్కూల్ ప్రధాన జట్టు) మ్యాచ్‌లు మాత్రమే ఎక్కించు. సీజన్ మొదట్లో ఆడే స్క్రిమేజ్‌లు (సాధన మ్యాచ్‌లు), జూనియర్ వర్సిటీ (రెండో జట్టు) స్కోర్లు పొరపాటున కూడా రాకూడదు. ఎక్కువగా జరిగే తప్పు ఇది: ఒకే మ్యాచ్‌ను రెండు స్కూళ్లూ ప్రకటిస్తాయి, అది షీటులో రెండుసార్లు పడుతుంది. రెండోది పేర్ల గొడవ. అమ్మాయిల హాకీలో రెండు మూడు స్కూళ్లు కలిసి ఒక జట్టు పెట్టుకోవడం చాలా మామూలు. అలాంటి జట్టును ఒకచోట ఒక స్కూల్ పేరుతో, ఇంకోచోట జంట పేరుతో రాస్తారు. నీ షీటులో అది రెండు జట్లై కూర్చుంటుంది, రెండింటి ర్యాంకులూ తప్పే. కాబట్టి ఒక్కో జట్టుకు ఒక్క పేరు ఖాయం చేసుకుని, మిగతావన్నీ దానికి మార్చే చిన్న జాబితా విడిగా పెట్టుకో. అబ్బాయిల స్కోరు అమ్మాయిల దాంట్లో పడిందేమో కూడా చూడు, స్కూల్ పేరు ఒకటే కదా. చివరగా అన్ని జట్లు కొట్టిన గోల్స్, అన్ని జట్లు ఇచ్చుకున్న గోల్స్ కూడు. రెండూ సమానం కాకపోతే ఎక్కడో తప్పుంది. అది దొరికేదాకా ముందుకు వెళ్లకు.

ఇక అసలు లెక్క. ఇది కొత్తదేమీ కాదు. యూత్ హాకీ వాళ్లంతా చూసే మైహాకీ ర్యాంకింగ్స్ అనే వెబ్‌సైట్ కూడా దీని మీదే నడుస్తుంది. జట్టు రేటింగ్ అంటే ఆ జట్టు సగటు గోల్స్ తేడాకు, అది ఆడిన ప్రత్యర్థుల సగటు రేటింగ్‌ను కలపడమే. మన క్రికెట్‌లో నెట్ రన్ రేట్ ఉంది చూడు, అందులో ఈ రెండో ముక్క లేదు. ఎవరి మీద ఎంత కొట్టారో చూస్తుందే తప్ప, ఆ ఎదుటివాళ్లు ఎలాంటివాళ్లో చూడదు. లీగ్‌లో అందరూ అందరితో ఆడతారు కాబట్టి అక్కడ అది చెల్లుతుంది. ఇక్కడ రాష్ట్రంలో ఎక్కువ జట్లు ఒకదాన్నొకటి ఎన్నడూ చూడవు. చెట్టు లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం. ఆ ఆముదం చెట్టును పసిగట్టేది ఈ రెండో ముక్కే.

ఐదు జట్లతో చేసి చూపిస్తాను. క జట్టు చ మీద 2 గోల్స్ తేడాతో గెలిచింది. చ జట్టు ట మీద 3, ప మీద 5 తేడాతో గెలిచింది. త జట్టు ట మీద 1, ప మీద 3 తేడాతో గెలిచింది. క, చ, త మూడింటి సగటు తేడా లెక్క వేసి చూడు, మూడింటికీ +2 వస్తుంది. త ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు, చ ఒకటి ఓడింది. పైపైన చూసేవాళ్లు త జట్టును పైన పెడతారు. కానీ ప్రత్యర్థులను కలిపి లెక్క తేల్చితే క 3.8, చ 1.8, త మైనస్ 0.2, ట మైనస్ 1.2, ప మైనస్ 3.2 వస్తాయి. సరిచూసుకో: చ ప్రత్యర్థులు 3.8, మైనస్ 1.2, మైనస్ 3.2. వాటి సగటు మైనస్ 0.2. దానికి 2 కలిపితే 1.8. ఈ రేటింగ్‌లో ఉన్న సుగుణం, రెండు జట్ల మధ్య తేడాయే వాటి మధ్య మ్యాచ్‌కు నువ్వు వేసే అంచనా కావడం. చ, త ఆడితే చ 2 గోల్స్‌తో గెలవాలి. ట, ప ఇద్దరి మీదా చ జట్టు త కన్నా సరిగ్గా 2 గోల్స్ ఎక్కువ తేడాతో గెలిచింది కదా, అదే ఇది.

ఈ అంకెలు ఒక్కసారికి రావు. మొదట అందరికీ వాళ్ల సగటు తేడానే రేటింగ్‌గా వెయ్యి. ఆ రేటింగ్‌లతో ప్రత్యర్థుల సగటు తీసి కొత్త రేటింగ్ కట్టు. మళ్లీ అదే. ఇక్కడ ఒక గుంట ఉంది. పై ఐదు జట్లకు యథాతథంగా చేస్తే క రేటింగ్ 2, 4, 2.67, 4.67 అని లోలకంలా ఊగుతుంది, ఎన్నిసార్లు చేసినా నిలవదు. ఎందుకంటే క, ట, ప ఒక పక్క, చ, త ఒక పక్క; మ్యాచ్‌లన్నీ ఈ పక్కకూ ఆ పక్కకూ మధ్యే జరిగాయి, ఒక పక్కవాళ్లు తమలో తాము ఆడలేదు. సీజన్ మొదట్లో నిజంగానే ఇలాంటి షెడ్యూళ్లు తగులుతాయి. మందు సులువు: ప్రతిసారీ పాత రేటింగ్‌కూ కొత్తదానికీ సగటు తీసి అదే వాడు. ఈ ఉదాహరణ 20 సార్లలో నిలిచిపోతుంది. రాష్ట్రమంతా పెడితే ఇంకా ఎక్కువ పడుతుంది. ఏ జట్టుదీ 0.01 కన్నా ఎక్కువ మారని దాకా తిప్పు.

గోల్స్ తేడాకు హద్దు పెట్టడం మర్చిపోకు. మైహాకీ ర్యాంకింగ్స్ 7 దగ్గర కత్తిరిస్తుంది. హైస్కూల్‌కు నేనైతే 5 దగ్గర ఆపుతాను. అమ్మాయిల హాకీలో పై జట్లకూ కింది జట్లకూ మధ్య దూరం ఎక్కువ. 9-0, 11-0 స్కోర్లు వస్తాయి. తేడా బాగా పెరిగాక కోచ్ మూడో లైన్‌ను (వెనక వరసలోని ఆటగత్తెలను), రెండో గోలీని దింపుతారు. మూడో పీరియడ్‌లో గడియారం ఆగకుండా నడుస్తుంది. ఆ తర్వాత పడిన గోల్స్ బలాన్ని చెప్పవు, కోచ్ మర్యాదను చెబుతాయి. ఓడిపోతున్న పిల్లల మీద ఇంకో నాలుగు కొడితే ర్యాంకు పెరుగుతుందని నీ పట్టిక ఎవరికీ నేర్పకూడదు. ఈ ఒక్క విషయంలో లెక్క కాస్త నష్టపోయినా నాకు అభ్యంతరం లేదు.

ఎంప్టీ నెట్ గోల్ కూడా అలాంటిదే. ఒక గోల్ వెనకబడ్డ జట్టు చివరి ఒకటి రెండు నిమిషాల్లో గోలీని తీసేసి ఆరో స్కేటర్‌ను దింపుతుంది. పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) ఖాళీ నెట్‌లోకి దొర్లితే 3-2 మ్యాచ్ 4-2 అవుతుంది. అలాంటి గోల్‌ను తేడాలోంచి తీసెయ్. గెలిచినవాళ్లు ఎలాగూ గెలిచే ఉంటారు. అయితే ఆ సమాచారం కొన్ని మ్యాచ్‌లకే దొరికితే అసలు ఎవరికీ తీయకు. సగం మందికి వర్తించే నియమం అసలు నియమం లేకపోవడం కన్నా చెడ్డది. ఓవర్‌టైమ్ గెలుపును సగం గోల్‌గా లెక్కించు. టోర్నమెంట్‌లో ఎవరు ముందుకెళ్లాలో తేల్చడానికి షూటౌట్ పెడితే, దాన్ని సమంగా ముగిసిన మ్యాచ్‌గానే రాసుకో.

కొద్ది మ్యాచ్‌ల ప్రమాదానికి ఒక పాత ఉపాయం ఉంది. ప్రతి జట్టూ సున్నా రేటింగ్ ఉన్న జట్టుతో 0 తేడాతో మూడు మ్యాచ్‌లు ఆడినట్టు ఊహించి కలుపు. రెండు మ్యాచ్‌ల్లో సగటు +5 ఉన్న జట్టుకు 10ని 5తో భాగిస్తే 2 వస్తుంది. 20 మ్యాచ్‌ల్లో అదే సగటు నిలబెట్టిన జట్టుకు 100ని 23తో భాగిస్తే 4.35. ప్రత్యర్థుల సగటులో కూడా ఆ మూడు సున్నాలను కలపాలి, లేకపోతే రెండు ముక్కలూ పొసగవు. ఇంత చేసినా ఐదారు మ్యాచ్‌లు కాకుండా పట్టిక బయటపెట్టొద్దు. పోయిన ఏడాది రేటింగ్‌తో మొదలుపెట్టాలని అనిపిస్తుంది, కానీ వద్దు. పన్నెండో తరగతి అమ్మాయిలు వెళ్లిపోయారు, అందులో గోలీ ఉందంటే అది వేరే జట్టే.

అన్నిటికన్నా ఎక్కువగా కాచుకోవలసింది దీవుల్ని. ట్విన్ సిటీస్ (మినియాపొలిస్, సెయింట్ పాల్) చుట్టుపక్కల జట్లు తమలో తాము ఆడుకుంటాయి, కెనడా సరిహద్దు దగ్గరి జట్లు తమలో తాము ఆడుకుంటాయి. మధ్య వంతెనలు క్రిస్మస్ సెలవుల టోర్నమెంట్లు, ఒకటి రెండు దూరప్రయాణాలు మాత్రమే. డిసెంబరులో ఉత్తరాది జట్లన్నిటి స్థానం అలాంటి రెండు మూడు మ్యాచ్‌ల మీద వేలాడుతూ ఉంటుంది. ఆ రాత్రి ఎవరికో జ్వరమొచ్చి ఓడితే, ఆ ప్రాంతమంతా కిందికి జారుతుంది. పరీక్షించడానికి ఒక్కో వంతెన మ్యాచ్‌ను తీసేసి మళ్లీ లెక్క వెయ్యి. ఏ జట్టయినా మూడు స్థానాలకు మించి కదిలితే దాని పేరు పక్కన చిన్న గుర్తు పెట్టి, కింద కారణం రాయి. విస్కాన్సిన్, నార్త్ డకోటా జట్లతో ఆడిన మ్యాచ్‌ల చిక్కు కూడా ఇదే. ఆ జట్ల మిగతా ఫలితాలు నీ షీటులో ఉండవు, కాబట్టి ఆ మ్యాచ్‌లను పక్కన పెట్టెయ్.

క్లాస్ ఏ (చిన్న స్కూళ్ల విభాగం), క్లాస్ డబుల్ ఏ (పెద్ద స్కూళ్లది) రెండింటికీ లెక్క కలిపే వెయ్యి, జాబితాలు మాత్రం విడదీసి ప్రచురించు. రెండు క్లాసులూ ఒకదానితో ఒకటి ఆడతాయి, ఆ మ్యాచ్‌లు పారేస్తే మంచి వంతెనలు పోతాయి. క్లాస్ స్కూల్ పిల్లల సంఖ్యను బట్టి వచ్చేదే కానీ ఆటను బట్టి కాదు. వారోడ్‌ను చూడు, దాదాపు 1,800 మంది ఉండే ఊరు. ఆ జట్టు ఎవరితో ఎలా ఆడిందో క్లాస్ ఏ మ్యాచ్‌లు మాత్రమే చూస్తే తెలియదు.

జనవరిలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. అండర్ 18 మహిళల ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఆ నెలలోనే జరుగుతుంది. అమెరికా జట్టుకు ఎంపికైన హైస్కూల్ అమ్మాయిలు రెండు వారాలకు పైగా తమ స్కూల్ జట్టుకు దూరమవుతారు. ఆ రోజుల్లో జట్టు రెండు మ్యాచ్‌లు ఓడిందనుకో, లెక్క దాన్ని బలహీనతగా చదువుతుంది. అంకెను చేత్తో మార్చకు. ఒక్కసారి మార్చావంటే ప్రతి కోచ్ ఫోన్‌కూ మార్చాల్సి వస్తుంది. పక్కన ఒక వాక్యం రాయి: ఈ రెండు మ్యాచ్‌లు ఫలానా నంబరు ఆటగత్తె లేకుండా ఆడినవి అని. రెండో గోలీ ఆడిన మ్యాచ్‌కూ అంతే. అందుకే షీటులో గోలీ గడి పెట్టమన్నాను.

"మేం వాళ్లను ఓడించాం, మరి వాళ్లు మాకన్నా పైన ఎందుకున్నారు?" ఈ ప్రశ్న ప్రతి వారం వస్తుంది. ఒక జట్టు రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని, మూడోది మొదటిదాన్ని ఓడించడం ఈ ఆటలో రోజూ జరిగేదే. అలాంటి చక్రంలో అందరికీ న్యాయం చేసే వరస ఉండదు. రేటింగ్ తేడా 0.3 లోపు ఉంటే ఇద్దరినీ సమానంగా భావించి, ముఖాముఖి గెలిచినవాళ్లను పైన పెట్టు. అంతకు మించితే ఒక్క రాత్రి ఫలితం కన్నా సీజన్ మొత్తాన్నే నమ్ము. ఈ నియమం సీజన్‌కు ముందే రాసి ఉంచితే ఎవరూ నిన్ను పక్షపాతం అనలేరు.

గెలుపోటముల ర్యాంకు కూడా చూపించాలనుకుంటే పక్కనే ఇంకో గడి పెట్టు. అందుకు ఆర్‌పీఐ (గెలుపుల శాతాలతో కట్టే సూచీ) వాడకు. దాని మామూలు రూపంలో సొంత గెలుపుల శాతానికి 25, ప్రత్యర్థులదానికి 50, వాళ్ల ప్రత్యర్థులదానికి 25 పాళ్లు. అందుకే బలహీనమైన జట్టు మీద గెలిచినా స్కోరు తగ్గే వింత జరుగుతుంది. కాలేజీ హాకీలో వాడుకలో ఉన్న క్రాచ్ అనే రేటింగ్ పద్ధతి మేలు. కెన్ బట్లర్ పేరు మీద వచ్చిన ఈ పద్ధతికి మూలం 1952 నాటి బ్రాడ్లీ, టెర్రీ సూత్రం. రేటింగ్ 300 ఉన్న జట్టు 100 ఉన్న జట్టుతో ఆడితే నాలుగింట మూడు గెలుస్తుందని అర్థం. ఒక్క చిక్కు: ఒక్కటీ ఓడని జట్టుకు రేటింగ్ అనంతం అయిపోతుంది. ప్రతి జట్టుకూ ఒక ఊహా జట్టుతో ఒక టై కలిపితే అది సర్దుకుంటుంది.

పట్టిక పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి వచ్చే వారం మ్యాచ్‌లే పరీక్ష. ఆదివారం రేటింగ్‌లతో ఆ వారం మ్యాచ్‌లన్నిటికీ విజేతను ముందే రాసిపెట్టుకో, శనివారం రాత్రి ఎన్ని సరిపోయాయో చూడు. లెక్కలో ఇప్పటికే కలిపిన మ్యాచ్‌ల మీద పరీక్షించుకోవడం, జవాబులు చూసి పరీక్ష రాయడమే. ఎక్కువ గెలుపుల శాతం ఉన్న జట్టునే ఎంచుకుంటే ఎన్ని సరిపోతాయో కూడా పక్కన రాసుకో. దానికన్నా నీది మెరుగ్గా లేకపోతే షీటులో తప్పు వెతుకు. జనవరి మధ్యకు మ్యాచ్‌లు కొన్ని వందలవుతాయి. అప్పుడు తటస్థ రింకులు తీసేసి హోమ్ జట్ల గోల్స్ లోంచి బయటి జట్ల గోల్స్ తీసి, మ్యాచ్‌ల సంఖ్యతో భాగిస్తే సొంత రింక్ లాభం ఎంతో నీకే తెలుస్తుంది. అప్పటినుంచి దాన్ని హోమ్ జట్టు తేడాలోంచి తగ్గించు.

ఒకటి గుర్తుంచుకో, నీ పట్టిక ఎవరినీ స్టేట్‌కు (రాష్ట్ర టోర్నమెంట్‌కు) పంపదు. ప్రతి క్లాస్‌లో 8 సెక్షన్లు (ప్రాంతాల గుంపులు), సెక్షన్ గెలిచిన 8 జట్లే ఫిబ్రవరి ఆఖర్లో స్టేట్‌లో ఆడతాయి. రాష్ట్రంలో మూడో, నాలుగో స్థానాల్లో ఉన్న జట్లు ఒకే సెక్షన్‌లో పడితే ఒకటి ముందే ఇంటికి పోతుంది. చదివేవాళ్లకు ఇది అర్థమయ్యేలా జట్టు పేరు పక్కన సెక్షన్ నంబరు వెయ్యి.

ఒక్కో క్లాస్‌లో పై 15, 20 జట్ల దగ్గర ఆపు. అట్టడుగున ఎవరున్నారో అచ్చు వేయొద్దు. అమ్మాయిల హాకీని హైస్కూల్ ఆటగా దేశంలో మొదట గుర్తించింది ఈ రాష్ట్రమే, 1994లో. చిన్న ఊళ్లలో ఇప్పటికీ జట్టుకు సరిపడా పిల్లలు కూడడమే కష్టం. చివరి స్థానం తమదని పేపర్లో చూసుకోవడం ఆ పదిహేనేళ్ల పిల్లలకు అక్కర్లేదు.

శనివారం రాత్రి మ్యాచ్‌లతో వారం మూసెయ్. మంచు తుఫానుకు వాయిదా పడిన మ్యాచ్‌ను పాత తేదీతో కాక, ఆడిన తేదీతో ఎక్కించు. మొదటి షీటు ఆదివారం పొద్దున్నే నాకు పంపు, గోల్స్ మొత్తం సరిపోయిందో లేదో నేనూ ఒకసారి కూడి చూస్తాను.

అమ్మ