సెలైన్ బలం మందు కాదు

సంపాదకుల వారికి,

నీరసంగా ఉందంటే చాలు, ‘ఓ సెలైన్ పెట్టించుకో, సర్దుకుంటుంది’ అనేవాళ్లు ఎక్కువైపోయారు. నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని కనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

లీటరు నార్మల్ సెలైన్‌లో ఉండేది నీళ్లు, 9 గ్రాముల ఉప్పు. అంతకుమించి ఏమీ లేదు. 5 శాతం డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్ నీళ్లు) లీటరు ఎక్కించినా 200 కేలరీల లోపే వస్తాయి. మామూలుగా తిని, తాగగలిగే మనిషికి దీనివల్ల వచ్చే బలమేమిటి? గుండె, కిడ్నీ జబ్బులున్నవారికైతే అవసరం లేకుండా ఎక్కించిన ద్రవం ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం తెస్తుంది.

సెలైన్ విలువ తెలిసే ఈ మాట అంటున్నాను. 1832 కలరా రోజుల్లో థామస్ లాటా అనే స్కాట్లాండ్ వైద్యుడు, ఇక పోతారనుకున్న రోగుల రక్తనాళాల్లోకి ఉప్పు ద్రావణం ఎక్కించి కొందరిని బతికించారు. వాంతులు, విరేచనాలతో నీరు, లవణాలు పోతే రక్త పరిమాణం తగ్గి బీపీ పడిపోతుంది. మనిషి మగతలోకి జారుకున్నా, మూత్రం ఆగినా, చేతులు కాళ్లు చల్లబడినా ఇంట్లో ఓఆర్‌ఎస్ పడుతూ కూర్చోకూడదు. తీవ్రమైన డీహైడ్రేషన్‌లో ఏడాది దాటినవారికి కిలో బరువుకు 100 మిల్లీలీటర్ల రింగర్ లాక్టేట్‌ను (పలు లవణాలు కలిసిన సెలైన్ రకం) మూడు గంటల్లో ఎక్కించాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి. అందులో కిలోకు 30 మిల్లీలీటర్లు మొదటి అరగంటలోనే వెళ్లాలి. ఆ సమయంలో వట్టి డెక్స్‌ట్రోజ్ పెడితే లాభం లేదు. గ్లూకోజ్ ఖర్చయిపోగానే నీరు కణాల్లోకి వెళ్లిపోతుంది, రక్తనాళాల్లో పదో వంతు కూడా నిలవదు.

తాగగలిగే స్థితిలో ఉన్నవారికి మాత్రం ఓఆర్‌ఎస్సే ముందు. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలి సెలైన్ నిండుకున్నప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన నీళ్లు తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. ఇంత రుజువున్నా ఓఆర్‌ఎస్ ప్యాకెట్ చేతికిస్తే ‘వైద్యమే చేయలేదు’ అనుకోవడం బాధగా ఉంటుంది.

ఆరోగ్య శాఖకు నా విన్నపం ఒక్కటే. ఏ క్లినిక్‌లో సెలైన్ పెట్టినా ఆ ద్రవం పేరు, ఎంత పరిమాణం, ఎంతసేపట్లో, ఎందుకు అన్న వివరాలు రాసిన చీటీ రోగికి ఇవ్వడం తప్పనిసరి చేయాలి. ఆ రోగిని రాత్రికి పెద్దాసుపత్రికి తరలించాల్సి వస్తే, అక్కడి డాక్టరు మొదట అడిగేది కూడా ఆ వివరాలే.

ఇట్లు,
ఒక విశ్రాంత నర్సు