లీజ్డ్ లైన్ గొడవ: రేపు చెకింగ్, అందరూ చదవండి

అందరికీ నమస్తే 🙏

మధ్యాహ్నం పూట మన లీజ్డ్ లైన్ (ఆఫీసు కోసమే ప్రత్యేకంగా తీసుకున్న నెట్ లైన్) ఊరికే తెగిపోతోంది కదా, రేపు బుధవారం ఉదయం 10:30కి ప్రొవైడర్ (నెట్ ఇచ్చే కంపెనీ) ఇంజనీర్ వస్తున్నారు. "మా వైపు అంతా ఓకే సార్" అని చెప్పి వెళ్లిపోకుండా ఉండాలంటే మన దగ్గర ఆధారాలుండాలి.

ఇవాళ నెట్ పోగానే టైమ్ రాసుకోండి. వైఫైలో కాదు, కేబుల్ పెట్టిన సిస్టమ్‌లోనే చూడండి. ముందు మన రౌటర్‌కి, తర్వాత ప్రొవైడర్ గేట్‌వేకి (మన లైన్ వాళ్ల నెట్‌వర్క్‌లో కలిసే చోటు), ఆఖరున 8.8.8.8కి (గూగుల్ సర్వర్) పింగ్ కొట్టండి, అంటే అవతలి నుంచి జవాబొస్తుందో లేదో చూడండి. రౌటరే పలక్కపోతే లోపం మన స్విచ్‌లోనో కేబుల్‌లోనో రౌటర్‌లోనో. రౌటర్ పలికి గేట్‌వే పలక్కపోతే చాలావరకు లైన్‌దే. ఆ రెండూ పలికి మూడోది పలక్కపోతే ప్రొవైడర్ అవతల చూసుకోవాలి. స్క్రీన్‌షాట్ ఇక్కడే పెట్టండి.

సర్వర్ రూమ్ పక్కన కూర్చునేవాళ్లు మీడియా కన్వర్టర్ (ఫైబర్‌ని మామూలు నెట్ కేబుల్‌కి కలిపే చిన్న పెట్టె) మీద ఫైబర్ లైటు ఫోటో తీయండి. దాన్ని ఆపి ఆన్ చేయొద్దు, ప్లీజ్! పసుపు ఫైబర్ తీగ మీద అట్టపెట్టెలు కూడా పెట్టొద్దు. (ఇదీ చెప్పాల్సి వస్తోంది!)

అకౌంట్స్ వాళ్లూ, క్లౌడ్ బ్యాకప్ రాత్రి 9 తర్వాతే. అప్‌లోడ్ నిండిపోతే పింగ్ టైమ్ (జవాబు రావడానికి పట్టే సమయం) కూడా పెరుగుతుంది, అసలు లోపం తేలదు.

రేపు 11 నుంచి 12 దాకా నెట్ ఉండదు. ఈ-వే బిల్లులు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసేవి) ముందే తీసేసుకోండి. మరీ అర్జెంటైతే రిసెప్షన్‌లో 4జీ డాంగిల్ ఉంది.