సబ్సిడీని చూసి అరువు ఇవ్వడం ఎందుకు ఆపుతున్నామంటే

మా ఖాతాదారులందరికీ నమస్కారం.

మేకల, గొర్రెల షెడ్లకు వేసే ప్లాస్టిక్ పలకలు, మేత తొట్లు, గడ్డి కోత యంత్రాలు మా వద్ద కొన్నవారిలో చాలామంది ‘సబ్సిడీ పడగానే కడతాం’ అన్నారు. మేమూ ఆ మాట మీదే సరుకు ఇచ్చాం. వారిలో పలువురికి రెండో విడత ఇంకా జమ కాలేదు. అందువల్ల వచ్చే నెల మొదటి తేదీ నుంచి సబ్సిడీ సొమ్మును చూసి అరువు ఇవ్వడం ఆపుతున్నాం.

పశుపోషణకు కేంద్ర ప్రభుత్వం సాయం చేసే నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్ పథకంలో 2021-22 నుంచి అమలవుతున్న నిబంధనల ప్రకారం మూలధన వ్యయంలో 50 శాతం రాయితీ రెండు సమాన విడతలుగా వస్తుంది. బ్యాంకు తన రుణం మొదటి వాయిదా ఇచ్చాక తొలి విడత, యూనిట్ పూర్తయి రాష్ట్ర అమలు సంస్థ తనిఖీ చేసి ధ్రువీకరించాక రెండో విడత విడుదల కావాలి. అంటే షెడ్డు కట్టి, జీవాలను తెచ్చి, యంత్రాలు బిగించి, అన్ని బిల్లులూ చూపిన తరువాతే మిగతా సగం చేతికి వస్తుంది. మంజూరు పత్రం అందించే రోజున కనిపించే హడావుడి చివరి విడత నాటికి ఎవరిలోనూ కనిపించదు.

ఈ పథకంలో నిర్వహణ మూలధనానికి రాయితీ లేదు. దాణా, మందులు, కూలి అన్నీ రైతే భరించాలి. మేక చూలు కట్టిన ఐదు నెలలకు ఈనుతుంది. ఫైలు తనిఖీ దగ్గర ఆగినంత కాలం మంద పెరుగుతూనే ఉంటుంది, మేత ఖర్చూ బ్యాంకు వడ్డీ దానితో పాటే పెరుగుతాయి. చివరికి వడ్డీ కట్టడానికి చూడి మేకలను సైతం అమ్ముకున్నవారు మా ఖాతాదారుల్లో ఉన్నారు. తీరా తనిఖీకి వచ్చినప్పుడు 100 ఆడ జీవాలు, 5 పోతులు ఉండవలసిన యూనిట్‌లో లెక్క తగ్గితే, తగ్గిందన్న కారణంతోనే ఫైలు మళ్లీ ఆగుతుంది. ఆలస్యం వల్ల రైతు చేసిన పని ఆలస్యానికే కారణంగా నమోదు కావడం అన్యాయమని నా అభిప్రాయం.

మా వైపు లెక్క కూడా దాచకుండా చెబుతాను. బిల్లు ఇచ్చామంటే, మీ నుంచి డబ్బు వచ్చినా రాకపోయినా, నెలవారీ రిటర్ను వేసే మేము తరువాతి నెల 20వ తేదీలోపు దానిపై జీఎస్టీ కట్టాలి. మాకు సరుకు తయారుచేసి ఇచ్చే చిన్న యూనిట్లకు 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం 45 రోజులకు మించకుండా చెల్లించాలి. రైతుకు సబ్సిడీ ఫలానా తేదీకి పడుతుందని మాత్రం మాకు ఎవరూ రాసివ్వలేదు.

ఇప్పటికే ఉన్న బాకీలపై వడ్డీ వేయము, బిగించిన యంత్రాలను వెనక్కి తీసుకోము. రెండో విడత జమ అయిన వారంలోగా చెల్లిస్తే చాలు. కొత్త ఆర్డర్లకు మాత్రం పని జరిగిన మేరకు సొమ్ము ఇవ్వాలి: పలకలు దించినప్పుడు వాటి వెల, యంత్రం బిగించినప్పుడు దాని వెల. బ్యాంకు రుణంలో నుంచి నేరుగా మా ఖాతాకు పంపించినా సరే.

కాగితాల విషయంలో మా వల్ల ఒక్క రోజు కూడా ఆలస్యం కాకుండా చూస్తాం. ప్రాజెక్టు నివేదికలో 2 హెచ్‌పీ మోటారు అని, బిల్లులో 3 హెచ్‌పీ అని ఉన్నందుకు ఒకరి ఫైలు వెనక్కి వచ్చింది. పెద్ద మోటారు ఆయన తన ఖర్చుతో కోరి వేయించుకున్నదే. ఇకపై బిల్లు రాసే ముందు మీ నివేదిక ప్రతిని అడుగుతాం. మోటారు పలకపై ఉన్న క్రమసంఖ్య, పాసుపుస్తకంలో ఉన్నట్టే మీ పేరు బిల్లులో రాసి, బిగించిన రోజునే ఫొటోలతో కలిపి అందజేస్తాం. పాత బిల్లులతో తనిఖీ ఆగినవారు వాటిని తెచ్చి చూపితే, వివరాల్లో తేడా ఏదైనా ఉంటే, వివరణ పత్రం సంతకం చేసి ఉచితంగా ఇస్తాం.