జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘం: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే. నేరుగా విషయానికొస్తాను.

ఈ ఏడాది మన ప్రధాన కార్యక్రమం బడి కంప్యూటర్ గదికి నెట్‌వర్క్. వైఫై పెట్టేస్తే గోడలకు బెజ్జాలు కొట్టే బాధ ఉండదని బయటి ఊళ్ల సభ్యులు చాలామంది వాదించారు. కార్యవర్గం ఒప్పుకోలేదు. క్లాసంతా ఒక్కసారిగా వీడియో తెరిస్తే ఆ ఒక్క రూటర్ వేగాన్నే అందరూ పంచుకోవాలి. పైగా మనవి పాత డెస్క్‌టాప్‌లు, వైఫై కార్డే లేదు. అందుకే కంప్యూటర్లన్నిటినీ తీగలతో కలిపే 24 పోర్టుల గిగాబిట్ స్విచ్, దానికి క్యాట్ 6 రకం నెట్‌వర్క్ కేబుల్ తీసుకున్నాం. ఆ కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది, మనకు అందులో పావు వంతు కూడా అక్కర్లేదు. చవగ్గా దొరికే రాగి పూత అల్యూమినియం వద్దు, అసలు రాగే కావాలని పట్టుబట్టింది మన కోశాధికారిగారే! (నమ్మండి.)

బడికి ఇంటర్నెట్ వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. కాబట్టి ఒక కంప్యూటర్‌ను మిగతావాటికి సమాచారం అందించే సర్వర్‌గా చేసి, ఇంటర్నెట్ లేకున్నా నడిచే సాఫ్ట్‌వేర్లయిన కివిక్స్‌తో తెలుగు వికీపీడియా, కోలిబ్రితో పాఠాలు అందులోకి ఎక్కించాం. రెండూ ఉచితమే. బయట లైను తెగినా క్లాసు నడుస్తుంది.

కేబుల్ కొసలకు కనెక్టర్లు బిగించిన ఆదివారం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. తొమ్మిదో తరగతి పిల్లలు "నారింజ తెలుపు, నారింజ, ఆకుపచ్చ తెలుపు, నీలం" అంటూ ఎక్కాల్లా వల్లిస్తూ కేబుల్‌లోని ఎనిమిది రంగుల తీగలు పేర్చారు. కేబుల్ సరిగ్గా బిగిసిందో లేదో చూపే టెస్టర్‌లో తీగకొకటి చొప్పున ఎనిమిది లైట్లూ వరుసగా వెలగాలి. మూడో లైటు, ఆరో లైటు తారుమారైతే ఆకుపచ్చ జత అటూ ఇటూ అయినట్టే, కొస కత్తిరించి మళ్లీ బిగించాల్సిందే. ఒకమ్మాయిది మొదటిసారే పాసైంది. మన సాఫ్ట్‌వేర్ సభ్యుడొకరు మాత్రం రెండు కనెక్టర్లు పాడుచేశారు.

ప్రధానోపాధ్యాయులకు, లెక్కల మాస్టారికి, తీగలకు కేసింగ్ కొట్టి కూలి తీసుకోని ఎలక్ట్రీషియన్‌కు, పిల్లలకు ఉప్మా పెట్టిన మధ్యాహ్న భోజనం అక్కలకు, చందాలిచ్చిన ప్రతి ఒక్కరికీ ధన్యవాదాలు.

జమాఖర్చులు అనుబంధంలో ఉన్నాయి. మిగిలిన కాస్తా యూపీఎస్ బ్యాటరీలకు అట్టేపెట్టాం.

గ్రూపులో బొటనవేలు చూపించినవారిలో సగం మంది వచ్చినా నిచ్చెన పట్టుకునే మనిషి కోసం వెతుక్కునేవాళ్లం కాదు. ఎర్తింగ్ గుంత అర్జీ సంబంధిత కార్యాలయంలో ఇంకా "పరిశీలనలో" ఉంది. వానల్లోపు కాకపోతే మనమే తవ్వుదాం.

వేసవి సెలవుల్లో ల్యాబ్ తాళాలు ఎవరి దగ్గరుంచాలో ఈ సమావేశంలోనే తేల్చాలి.

ఇట్లు,
కార్యదర్శి