పురిటికి అమెరికా ప్రయాణం: ప్రసాదుకి ఉత్తరం

చందానగర్,
హైదరాబాద్.

ఒరేయ్ ప్రసాదూ,

అమ్మాయికి నెల తప్పిందని నువ్వు చెప్పిన దగ్గర్నుంచీ మా ఆవిడ కాలు నేల మీద నిలవడం లేదు. మీ ఇద్దరినీ తాత, అమ్మమ్మ అని పిలిచే రోజు వస్తోందంటే నాకూ అంత సంతోషంగానే ఉంది. వీసా సంగతి ఫోన్‌లో చెప్పబోతే మాట మాటకీ లైన్ తెగిపోయింది. కాగితం మీద పెడితే చెల్లెమ్మ కూడా తీరిగ్గా చదువుకుంటుందని రాస్తున్నాను.

ముందు ఒక్క విషయం. మీ ఊళ్లో వీసా ఫారాలు నింపిపెట్టే ఆయన “పురుడు మాట ఎత్తొద్దు, నయాగరా చూసి రావడానికి వెళ్తున్నామనండి” అన్నాడని చెప్పావు చూడు, అది విన్నప్పటి నుంచీ నాకు మనసు మనసులో లేదు. ఆ మాట వినకురా. వీసా ఇవ్వనంటే కొన్నాళ్లాగి మళ్లీ అడగొచ్చు. అబద్ధం చెప్పి దొరికితే మాత్రం జీవితాంతం ఆ దేశంలోకి రానివ్వకుండా ఆపే నిబంధన వాళ్ల చట్టంలో ఉంది. దాన్నుంచి మినహాయింపు తెచ్చుకోవడం చాలా కష్టం. కూతురి పురిటికి తల్లిదండ్రులు వెళ్లడంలో దాచుకోవాల్సింది ఏముంది? అడిగితే “అమ్మాయి పురిటికి వెళ్తున్నాం, మనవణ్ణో మనవరాలినో చూసుకుని వచ్చేస్తాం” అని ఉన్నదున్నట్టు చెప్పండి.

వాళ్లు అసలు ఏం చూస్తారో తెలిస్తే నీకు సగం టెన్షన్ తగ్గుతుంది. అమెరికా వలస చట్టంలో 214(బి) అని ఒక సెక్షను ఉంది. చుట్టపుచూపుగా వస్తామని వీసా అడిగే ఎవరినైనా సరే, అక్కడే ఉండిపోవడానికి వస్తున్నారని అధికారి ముందుగా అనుకోవాలట. అలా కాదు, తిరిగి వస్తాం అని ఆయనకు నమ్మకం కలిగించాల్సింది మనమే. ఆ నమ్మకం అమ్మాయి జీతం చూసో, అల్లుడి ఉద్యోగం చూసో రాదు. ఆహ్వాన పత్రం, ఖర్చులు మావే అని అక్కడివాళ్లు రాసిచ్చే హామీపత్రం, ఈ రెండూ ఈ వీసాకి అవసరం లేదని వాళ్ల ప్రభుత్వమే చెబుతోంది. ఇక్కడ మనకున్న ఇల్లు, సంసారం, బంధాలు చూసి ఇవ్వాలన్నది వాళ్ల పద్ధతి.

ఆ లెక్కన నీకేం తక్కువరా? హెడ్మాస్టరుగా రిటైరయ్యావు, నెలనెలా పింఛను వస్తుంది, సొంత ఇల్లుంది, కొబ్బరితోట ఉంది, అబ్బాయి కాకినాడలోనే ఉన్నాడు, అన్నిటికీ మించి అమ్మ ఉంది. నీకు మామూలుగా కనిపించే ఈ సంగతులే అక్కడ నీ బలం. ఆ ఏజెంటు మూడు లక్షలు అప్పుతెచ్చి నెలపాటు నీ ఖాతాలో వేసి ఉంచుదాం అన్నాడట కదా, అది కూడా వద్దు. ఉన్నట్టుండి వచ్చిపడిన డబ్బు అనుమానం పుట్టిస్తుందే గానీ నమ్మకం పెంచదు. పింఛను పడే పాసుపుస్తకం చాలు.

ఇక ఫారం. దాన్ని డీఎస్-160 అంటారు. మొత్తం ఆన్‌లైన్‌లోనే. జవాబులు ఇంగ్లీషులో రాయాలి. నీకూ చెల్లెమ్మకీ వేరువేరుగా రెండు ఫారాలు. దయచేసి నువ్వే కూర్చుని నింపు, కావలిస్తే అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకో. ఇంటర్వ్యూ ఎదురుగా నిలబడి మాట్లాడే ఆ రెండు మూడు నిమిషాలు మాత్రమే అనుకుంటారు చాలామంది. నా ఉద్దేశంలో సగం ఇంటర్వ్యూ ఆ ఫారంలోనే అయిపోతుంది. అధికారి ముందున్న తెరమీద నువ్వు రాసిందే ఉంటుంది. ఎవరో నింపి, అందులో ఏముందో నీకు తెలియకపోతే, నిజం చెప్పినా తడబడతావు.

నింపడం మొదలుపెట్టగానే పైన ఒక అప్లికేషన్ ఐడీ వస్తుంది, అది ముందు పుస్తకంలో రాసుకో. కాసేపు ఏమీ కొట్టకుండా వదిలేస్తే ఆ పేజీ మూసుకుపోతుంది. ఐడీ ఉంటే ఆపిన చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టొచ్చు. ప్రతి పేజీకీ సేవ్ చెయ్యి. ప్రయాణం తేదీ అడుగుతుంది. ఇంకా టికెట్ కొనలేదే అని కంగారుపడకు, అనుకుంటున్న తేదీ వెయ్యి. వీసా చేతికి రాకుండా టికెట్లు మాత్రం కొనొద్దు. అమ్మాయి ఎంత తొందరపెట్టినా సరే.

చెల్లెమ్మ ఫారంలో రెండు చోట్ల జాగ్రత్త పడాలి. మొదటిది పేరు. ఆమె పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉందన్నావు. మన వాళ్లలో చాలామంది ఆడవాళ్లకి ఇదే అవస్థ. అలాగే వెళ్తే ఉన్న ఒక్క పేరునీ ఇంటిపేరు గడిలో వేసి, అసలు పేరు ఉండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ అని పెట్టాలి, అంటే మొదటి పేరు తెలియదని. వీసా మీద కూడా అలాగే అచ్చవుతుంది. ఆ తరువాత టికెట్లోనూ, అక్కడి కాగితాల్లోనూ ప్రతిచోటా దానికో వివరణ ఇచ్చుకోవాలి. చేతిలో వ్యవధి ఉంది కాబట్టి ముందే పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి వెళ్లి ఇంటిపేరు చేర్చి కొత్తది తీసుకోండి. ఆధార్‌లోనూ అదే వరసలో, అదే స్పెల్లింగుతో ఉండేలా చూసుకోండి. తరువాత చూద్దాంలే అని వదిలెయ్యకు.

రెండోది ఇంకా ముఖ్యం. “మీ తరఫున ఎవరైనా ఎప్పుడైనా వలస పిటిషన్ వేశారా” అని ఒక ప్రశ్న ఉంటుంది. మీ బావమరిది అక్కడ పౌరసత్వం వచ్చాక అక్క పేరున గ్రీన్‌కార్డు పిటిషన్ వేశాడని నువ్వే ఎప్పుడో చెప్పావు. తోబుట్టువుల కేటగిరీలో మన దేశం వాళ్లకి వరుస రావడానికి ఏళ్లకు ఏళ్లు పడుతుంది కాబట్టి మీరంతా ఆ సంగతి మరిచిపోయి ఉంటారు. వాళ్ల రికార్డుల్లో అది భద్రంగా ఉంటుంది. అక్కడ “అవును” అనే రాయాలి. పిటిషన్ ఉన్నంత మాత్రాన సందర్శక వీసా ఇవ్వకూడదన్న నియమం ఏమీ లేదు. దాచడమే తప్పవుతుంది. అధికారి అడిగితే, తమ్ముడు వేశాడు, వరుస రాలేదు, ఇప్పుడు మాత్రం కూతురి దగ్గరికి వెళ్లి వచ్చేస్తున్నాం అని చెప్పమను. ఇది చెల్లెమ్మ తనంతట తాను చెప్పగలగాలి. నువ్వు పక్కనుంచి అందుకోకు.

గత అయిదేళ్లలో వాడిన ఫేస్‌బుక్, యూట్యూబ్ లాంటి ఖాతాల పేర్లు కూడా అడుగుతారు, ఉన్నవి రాసెయ్. ఫొటో రెండు అంగుళాల చదరం, తెల్లటి వెనుకభాగం, ఆరు నెలల లోపు తీసినదై ఉండాలి. కళ్లజోడు తీసి దిగాలి.

ఫీజు మనిషికి 185 డాలర్లు. 2023 జూన్‌కి ముందు 160 ఉండేది. వీసా రాకపోయినా తిరిగి ఇవ్వరు. స్లాట్ బుక్ చేసేటప్పుడు ఇద్దరినీ ఒకే గ్రూపులో పెడితే ఒకేసారి పిలుస్తారు. ఫారం తప్పు పడి మళ్లీ కొత్తది నింపితే ఆ కొత్త నంబరు స్లాటులోనూ మార్చాలి, రెండూ కలవకపోతే గేటు దగ్గరే తిప్పి పంపుతారు. “త్వరగా స్లాట్ ఇప్పిస్తాం, మీ లాగిన్ ఇవ్వండి” అని ఎవరైనా అంటే ఇవ్వొద్దు. పాస్‌వర్డు వాళ్ల చేతికి వెళ్లాక మన అప్లికేషన్ మన చేతిలో ఉండదు.

స్లాట్లు రెండు ఉంటాయి. మొదటిది వేలిముద్రలకీ ఫొటోకీ. అది హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ కిందనే ఉన్న కేంద్రంలో. ఇంకో రోజు అసలు ఇంటర్వ్యూ, నానక్‌రామ్‌గూడలో. నువ్వు ఇంకా బేగంపేట పైగా ప్యాలెస్ అనుకుంటున్నావు. కాన్సులేట్ అక్కడి నుంచి మారిపోయి 2023 మార్చి నుంచీ సొంత భవనంలో ఉంది. ఒకప్పుడు మనవాళ్లు ఈ పనికి మద్రాసు పోవాల్సి వచ్చేది, గుర్తుందా? మీ తోడల్లుడు అలా వెళ్లి లాడ్జిలో పడిగాపులు కాశాడు. ఇప్పుడు తెలంగాణ, ఆంధ్ర, ఒడిశా మూడింటికీ హైదరాబాదే.

ఇంకో మంచి సంగతి, ఇక్కడ ఇంటర్వ్యూ తెలుగులో ఇవ్వొచ్చు. స్లాట్ తీసుకునేటప్పుడే భాష దగ్గర తెలుగు ఎంచుకోండి. నీకు ఇంగ్లీషు వచ్చు, సరే. చెల్లెమ్మ కోసం చెబుతున్నాను. వచ్చీరాని ఇంగ్లీషులో బట్టీపట్టిన వాక్యాలు అప్పజెప్పడం కంటే, మన ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడితే ఆ మనిషి నిజాయితీ ఎదుటివాళ్లకి తెలుస్తుంది. ఎవరి దగ్గరికి వెళ్తున్నారు, అల్లుడు ఏ కంపెనీలో చేస్తాడు, ఏ వీసా మీద ఉన్నాడు, ఎన్నాళ్లుంటారు, ఇక్కడ ఎవరెవరున్నారు, ఖర్చు ఎవరు పెట్టుకుంటారు, దాదాపు ఇవే అడుగుతారు. డాలస్‌లో అమ్మాయి ఇంటి అడ్రసు, అల్లుడి కంపెనీ పేరు, పురుడు ఏ నెలలో అన్నది ఇద్దరికీ తెలిసి ఉండాలి. కాగితాలు ఫైలులో ఉంచుకోండి గానీ అడిగితేనే తియ్యండి. ఫోన్, బ్యాగు లోపలికి రానివ్వరు, అవి నేను పట్టుకుని బయట ఉంటాను.

పాస్‌పోర్టు వాళ్లే ఉంచుకున్నారంటే వీసా వచ్చినట్టే అనుకోవచ్చు. ఇంకేదైనా కాగితం కావాలనో, ఇంకొంచెం పరిశీలించాలనో అయితే 221(జి) అని చీటీ ఇస్తారు. అదే చివరి మాట అని బెంబేలు పడొద్దు, కాగితం అడిగితే పంపాలి, పరిశీలన అంటే ఆగాలి. పాస్‌పోర్టు అప్పుడే తిరిగి చేతికిచ్చి 214(బి) కాగితం ఇస్తే మాత్రం ఈసారికి కాదని అర్థం. అప్పీలు ఉండదు, మళ్లీ ఫీజు కట్టి మళ్లీ అడగడమే. అలా జరగదనే నా నమ్మకం.

ఎన్నాళ్లుంటారంటే ఆరు నెలలు అని గభాలున అనెయ్యకండి. నిజంగా ఎన్నాళ్లు అనుకుంటున్నారో ముందు ఇంట్లో తేల్చుకోండి. మనవాళ్లకి సాధారణంగా పదేళ్ల వీసా ఇస్తారు. పదేళ్లూ ఉండొచ్చని దానర్థం కాదు. ప్రతిసారీ దిగినప్పుడు విమానాశ్రయంలో అధికారి ఎప్పటివరకు ఉండొచ్చో తేదీ వేస్తాడు, దాన్ని ఐ-94 అంటారు. ఎక్కువగా ఆరు నెలలు వేస్తారు. ఆ తేదీ దాటి ఒక్క రోజు ఉన్నా వీసా చెల్లకుండా పోతుంది. 180 రోజులకు పైగా దాటి ఉండి వస్తే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు రానివ్వరు. పసిబిడ్డని వదల్లేక ఇంకో నెల, ఇంకో నెల అని అమ్మాయి అంటుంది, చెల్లెమ్మ మనసు కరుగుతుంది. అక్కడ గట్టిగా ఉండాల్సింది నువ్వే.

అమ్మని కూడా తీసుకెళ్తానన్నావు. ఇదివరకు బాగా పెద్దవాళ్లకి ఇంటర్వ్యూ లేకుండానే పని అయ్యేది. 2025 సెప్టెంబరు నుంచి 79 దాటినవాళ్లు కూడా స్వయంగా రావాల్సిందే. అది అటుంచి, ఆ వయసులో అంత దూరం విమానంలో కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదురా. మునిమనవడిని ఫోన్లో చూపించు, వాళ్లు వచ్చినప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకుంటుంది. మీరు అక్కడున్నన్నాళ్లూ అమ్మ మీ తమ్ముడి దగ్గర ఉండటమే నయం.

ఆరోగ్య బీమా మాత్రం ఖాయంగా తీసుకోండి. నీ బీపీ, చెల్లెమ్మ షుగరు ముందే ఉన్నవి కాబట్టి, పాత జబ్బులకి ఎంతవరకు ఇస్తారో చదివి మరీ తీసుకో. అక్కడ ఒక్కరోజు ఆస్పత్రిలో ఉన్నా బిల్లు మనం తట్టుకోలేం. మందులు అక్కడ ఉండే రోజులన్నిటికీ సరిపడా, డాక్టరు చీటీతో సహా, వచ్చిన అట్టపెట్టెల్లోనే పెట్టుకోండి. ఆవకాయ, సున్నుండలు పట్టుకెళ్లొచ్చు, దిగినప్పుడు కస్టమ్స్ వాళ్లకి తినుబండారాలు ఉన్నాయని చెప్పాలి అంతే. కోడిమాంసం పచ్చడి మాత్రం వద్దు, మాంసం రానివ్వరు. దుబాయ్ మీదుగా గానీ దోహా మీదుగా గానీ ఒక్కసారి విమానం మారి డాలస్ చేరతారు. టికెట్ బుక్ చేసేటప్పుడే వీల్‌చైర్ అడగండి, ఆ పెద్ద పెద్ద విమానాశ్రయాల్లో దారి వెతుక్కునే పని తప్పుతుంది.

చెల్లెమ్మ చిలుకూరు బాలాజీ మొక్కు సంగతి మా ఆవిడతో అందట. తప్పకుండా వెళ్దాం. ఇంటర్వ్యూకి ముందురోజు పొద్దున్నే వెళ్లి పదకొండు ప్రదక్షిణలు చేసుకుందాం, వీసా వచ్చాక నూట ఎనిమిది. ఆ గుడిలో హుండీ లేదు, డబ్బు ముడుపు ఏమీ కట్టక్కర్లేదు. నేను కూడా మీతో తిరుగుతాను.

గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున లింగంపల్లిలో దిగొచ్చు, స్టేషనుకి నేను వస్తాను. హోటలు మాట ఎత్తావంటే ఊరుకోను. పైగది మీ కోసం సర్దించి ఉంచాను. ముందు చెల్లెమ్మ పాస్‌పోర్టు పని మొదలుపెట్టు. రెండు ఫారాలూ సబ్మిట్ కొట్టేముందు పేజీలన్నీ నాకు వాట్సాప్ చెయ్యి, నేనూ మా అబ్బాయీ ఒకసారి చూస్తాం. ఆ ఏజెంటుకి ఇచ్చిన అడ్వాన్సు తిరిగి రాకపోయినా ఫరవాలేదు, పాస్‌పోర్టులు మాత్రం రేపే వెనక్కి తెచ్చుకో.

అమ్మకి నా నమస్కారాలు, అమ్మాయికి ఆశీస్సులు.

నీ
రామం