ఒక సూది, రెండు దారం ఉండలు, ఒక వంకర గుడ్డ

బంగారూ,

ఉత్తరం చదవడానికి ముందు పొట్లం విప్పు. అందులో 5 మిల్లీమీటర్ల క్రోషే సూది, అంటే కొనలో కొక్కెం ఉండే అల్లిక సూది ఒకటి, లేత రంగు కాటన్ దారం ఉండలు రెండు, మొన మొద్దుగా ఉండే పెద్ద కుట్టుసూది ఒకటి, రెండు పిన్నీసులు ఉంటాయి. అన్నిటికీ అడుగున వంకరటింకరగా ఒక గుడ్డ ఉంటుంది. దాన్ని పారెయ్యకు. నేను అల్లిన మొదటి గుడ్డ అది. దానితో నీకు పనుంది.

మొన్న ఫోన్లో "అమ్మ వాడే గిన్నెల గుడ్డల్లాంటివి నేనూ అల్లుకోగలనా నాన్నా, స్పాంజీలు కొనడం, పారెయ్యడం, మళ్ళీ కొనడం విసుగొస్తోంది" అన్నావు కదా. ఎలాగో రాసి పంపమని అమ్మకి చెప్పాను. "మీరే రాయండి. నాకు చెయ్యి దానంతటదే పోతుంది, ఎలా పోతుందో అడిగితే చెప్పలేను. మీరు నేర్చుకుని ఏడాది కూడా కాలేదు, ఎక్కడెక్కడ తప్పారో మీకింకా గుర్తుంటుంది" అంది. నిజమే, అన్నీ గుర్తున్నాయి. అందుకే నేను రాస్తున్నాను.

మొదటి తప్పు దారం దగ్గరే చేశాను. మెత్తగా ఉందని, రంగు బాగుందని యాక్రిలిక్ దారం తెచ్చుకున్నాను. అల్లడానికి హాయిగానే ఉంది. తీరా గిన్నె తుడిస్తే నీళ్ళు పీల్చదు, ఉన్న తడిని అటూ ఇటూ పులుముతుంది. పైగా అది ప్లాస్టిక్ దారం, బాగా వేడిగా ఉన్న గిన్నెకి తగిలితే మెత్తబడి అంటుకుపోతుంది. ఈ పనికి కాటనే కావాలి, నూటికి నూరు పాళ్ళూ కాటన్. నీళ్ళు బాగా పీలుస్తుంది, మరిగే నీళ్ళకి తట్టుకుంటుంది. ఇంకో సంగతి నాకు భలే నచ్చింది. తడిసినప్పుడు కాటన్ పోగు బలహీనపడదు, పొడిగా ఉన్నప్పటికంటే ఇంకా గట్టిపడుతుంది. రోజంతా తడిలోనే నానే గుడ్డకి ఇంతకంటే ఏం కావాలి?

కాటన్‌లో కూడా మెర్సరైజ్డ్ అని రాసి ఉన్నది ఈ పనికి వద్దు. కాస్టిక్ సోడాతో శుద్ధి చేసిన దారం అది, నున్నగా మెరుస్తుంది. 1844లో కాటన్ మీద ఆ ప్రయోగాలు మొదలుపెట్టిన జాన్ మెర్సర్ పేరే దానికి స్థిరపడిపోయింది. లేసులకి అందంగా ఉంటుంది కానీ గిన్నె తోమడానికి కొంచెం గరుకు ఉండాలి. మెరుపు లేని, మధ్యరకం లావు దారం తీసుకుంటే చాలు. ఒక్కో గుడ్డకి 40 గ్రాములు, మహా అయితే 50 పడుతుంది. లేత రంగు కావాలనే పంపాను. నల్లదో ముదురు నీలమో అయితే కుట్లు కంటికి ఆనవు. కుట్టు కనపడకపోతే లెక్క తప్పుతుంది, లెక్క తప్పితే ఏమవుతుందో అడుగున ఉన్న గుడ్డని చూస్తే తెలుస్తుంది.

ఇక పని. మన ఇంట్లో ఎడమచేతి వాటం నీ ఒక్కదానికే ఉంది. అల్లిక నేర్పే బొమ్మలు చాలావరకు కుడిచేతి వాళ్ళ కోసమే వేస్తారు కాబట్టి నువ్వు వాటిని తిరగేసి చదువుకోవాలి. సూది ఎడమచేతిలో పట్టుకో, దారం కుడిచేతి వేళ్ళ మీదుగా రానీ. నా వరస కుడి నుంచి ఎడమకి నడుస్తుంది, నీది ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. అంతకుమించి తేడా లేదు, కుట్టు అదే కుట్టు. బొమ్మ అర్థం కాకపోతే దాన్ని అద్దం ముందు పెట్టి అద్దంలో చూడు, నీ చేతులకి సరిపోతుంది. సూదిని కలంలా పట్టుకున్నా, కూరగాయలు తరిగే చాకులా పట్టుకున్నా ఫరవాలేదు. నీకు ఏది నొప్పి పుట్టకుండా ఉంటే అదే నీ పట్టు.

దారం కొసన ఒక జానెడు వదిలేసి జారుముడి వేసి సూదికి ఎక్కించు. దారాన్ని సూది మీదుగా చుట్టి, ఆ చుట్టుని కొక్కెంతో పట్టి, ముడిలోంచి ఇవతలికి లాగు. ఒక గొలుసు కుట్టు అయింది. ఇలా 29 వెయ్యి. ఇక్కడ అందరూ చేసే పని ఒకటుంది. ఊడిపోతుందేమోనన్న టెన్షన్‌తో ఒక్కోటీ బిగించి లాగుతారు. నేనూ అలాగే లాగాను. తీరా మొదటి వరసకి వచ్చేసరికి ఆ గొలుసులో సూది దూరలేదు, వేలు ఎర్రబడింది. గొలుసు కుట్టు సూది కాండం మీద సులువుగా జారాలి, సన్నటి మెడ దగ్గర బిగుసుకుపోకూడదు. అలా రాకపోతే గొలుసు మటుకు ఇంకో సైజు పెద్ద సూదితో వేసుకో, తర్వాత మళ్ళీ ఈ సూదికి వచ్చెయ్యి.

గొలుసుని పైనుంచి చూస్తే జడ పాయల్లా వరసగా 'వి' అక్షరాలు పేర్చినట్టు ఉంటుంది. ఒక్కో 'వి' ఒక్కో కుట్టు. సూది మీద ఉన్న ఉచ్చుని, మొదట వేసిన ముడిని లెక్కలో కలపకూడదు.

మొదటి వరస కష్టం. ముందే చెబుతున్నాను, నిజంగా కష్టంగా ఉంటుంది. పట్టుకోవడానికి చేతిలో గుడ్డంటూ ఏమీ ఉండదు, గొలుసు మెలితిరిగిపోతూ ఉంటుంది. నాకు చేత కాదని అక్కడే రెండుసార్లు పక్కన పెట్టేశాను. మూడో వరసకి వచ్చేసరికి చేతికి ఒక అంచు దొరుకుతుంది, అక్కణ్ణుంచి పని దానంతటదే సాగుతుంది. కాబట్టి ఆ రెండు వరసలు ఓపిక పట్టు.

సూది దగ్గర్నుంచి రెండో గొలుసులో సూది గుచ్చు. దారం చుట్టి ఇవతలికి లాగితే సూది మీద రెండు ఉచ్చులు ఉంటాయి. మళ్ళీ దారం చుట్టి రెండిట్లోంచీ ఒకేసారి లాగెయ్యి. ఇదే సింగిల్ క్రోషే. 29 గొలుసుల్లో మొదటిదాన్ని వదిలేశావు కాబట్టి వరసలో 28 కుట్లు వస్తాయి. వరస అయ్యాక ఒక గొలుసు వేసి, పని తిప్పి, మళ్ళీ 28. గుడ్డ మొత్తం ఇంతే.

పేర్ల గురించి ఒక్క మాట. అమెరికా పద్ధతిలో సింగిల్ క్రోషే అనే కుట్టునే బ్రిటన్ పద్ధతిలో డబుల్ క్రోషే అంటారు. నేను రాసినవన్నీ అమెరికా పేర్లు. ఎక్కడైనా నమూనా చూసి అల్లేటప్పుడు ఏ దేశం పేర్లో ముందు చూసుకో, లేకపోతే గుడ్డ వేరేగా వస్తుంది.

ఇప్పుడు నా వంకర గుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకో. కింది అంచు 28 కుట్లు. పైకి వెళ్ళేకొద్దీ సన్నబడుతూ పోయింది చూశావా? పై అంచులో 21 ఉన్నాయి. ఏడు కుట్లు ఎక్కడికి పోయాయో నాకు అర్థం కాలేదు. సూది మంచిది కాదనుకున్నాను, దారం సాగిందనుకున్నాను. అమ్మ ఏమీ అనకుండా పక్కన కూర్చుని, "ఒక్కో వరసా పైకి లెక్కపెట్టండి" అంది. తొమ్మిదో వరసలో 27. అక్కడ పిన్నీసు పెట్టి పంపాను, చూడు. వరస చివర ఆఖరి కుట్టు పక్కకి ఒరిగిపోయి, అంచులో ఒక చిన్న ముడిలా కనిపిస్తోంది కదా. అది ముడి కాదు, కుట్టు. నేను దాన్ని వదిలేసి తిరిగిపోయాను. తర్వాత పదకొండులో ఒకటి, పద్నాలుగులో ఒకటి, అలా పోతూనే ఉన్నాయి.

దీనికి మందు పిన్నీసే. ప్రతి వరసలో మొదటి కుట్టు వెయ్యగానే దానికి పిన్నీసు తగిలించు. తిరిగి వచ్చేటప్పుడు ఆ పిన్నీసు ఉన్న కుట్టే నీ ఆఖరి కుట్టు. అందులో అల్లకుండా తిరక్కూడదు. కళ్ళకి అలవాటయ్యేదాకా ప్రతి వరసా లెక్కపెట్టు. 28కి 27 వస్తే, "ఒక్కటే కదా" అని ముందుకి పోకు. సూది తీసేసి దారం కొస లాగు, సర్రున ఊడొచ్చేస్తుంది. క్రోషేలో ఉన్న సుఖం ఇదే. సూది మీద ఉండేది ఒక్క ఉచ్చే కాబట్టి ఎంత విప్పినా ఏదీ జారిపోదు, ఆగిన చోట ఆ ఒక్క ఉచ్చునీ సూదికి ఎక్కించుకుని మళ్ళీ మొదలుపెట్టొచ్చు. దారం ఎక్కడికీ పోదు. విప్పడానికి నాకు మొదట్లో ప్రాణం ఒప్పేది కాదు, గంట పని వృథా అయిపోయినట్టు బాధపడేవాణ్ణి. రెండో గుడ్డ నాలుగుసార్లు విప్పాను. నాలుగోసారి అల్లుతుంటే చెయ్యి ఎక్కడా ఆగలేదు. అప్పుడు తెలిసింది, విప్పిన గంటలన్నీ చేతిలోనే ఉన్నాయని.

ఎన్ని వరసలు అని అడగకు. ఒక మూలని పట్టుకుని ఎదుటి మూల వైపుకి ఏటవాలుగా మడిచి చూడు. అంచులు రెండూ కలిస్తే చదరం అయినట్టే. సుమారు 20 సెంటీమీటర్లు వస్తుంది, చెయ్యి పట్టే కొలత.

ముగించేటప్పుడు దారం పదిహేను సెంటీమీటర్లన్నా ఉంచి కత్తిరించు. కొసని ఆఖరి ఉచ్చులోంచి లాగి బిగించు. ఆ కొసనీ మొదట వదిలిన జానెడు దారాన్నీ మొద్దుసూదికి ఎక్కించి కుట్ల లోపలినుంచి పోనివ్వాలి. ముందు ఒకవైపు, తర్వాత వెనక్కి, మళ్ళీ ముందుకి. ఇది బద్ధకించావంటే మూడో ఉతుక్కే కొస బయటపడుతుంది, గుడ్డ అక్కణ్ణుంచే విచ్చుకుంటుంది. కొసని పొట్టిగా కత్తిరించేసి ముడి మీద ముడి వేస్తే సరిపోతుందనుకున్నాను నేను. సరిపోలేదు.

సింగిల్ క్రోషే గుడ్డ ఒత్తుగా ఉంటుంది, గిన్నెలు తోమడానికి బాగుంటుంది, ఆరడానికి మాత్రం టైమ్ పడుతుంది. రెండో ఉండతో మాస్ స్టిచ్ వెయ్యి. ఒక సింగిల్ క్రోషే, ఒక గొలుసు, కింద ఒక కుట్టు వదలడం, మళ్ళీ సింగిల్ క్రోషే. పై వరసలో ఆ గొలుసు కింద ఉన్న సందులో అల్లాలి. దానికి 30 గొలుసులు వేసుకుని, సూది దగ్గర్నుంచి నాలుగో గొలుసులో మొదలుపెట్టు, వరస తిరిగేటప్పుడు రెండు గొలుసులు వెయ్యి. సన్నటి సందులుంటాయి కాబట్టి గాలి ఆడుతుంది, తొందరగా ఆరుతుంది. నాకు ఇదే ఎక్కువ ఇష్టం.

ఆరడం గురించి గట్టిగా చెబుతున్నాను, విను. 2017లో జర్మనీ పరిశోధకులు ఇళ్ళలో వాడుతున్న 14 స్పాంజీలు తెచ్చి పరీక్షిస్తే 362 రకాల బ్యాక్టీరియా బయటపడ్డాయి. క్రమం తప్పకుండా శుభ్రం చేస్తున్న స్పాంజీల్లోనూ తక్కువేం లేవు. గుడ్డని కూడా తడిగా ముద్దచేసి సింక్ అంచున వదిలేస్తే దాని గతీ అంతే. కానీ గుడ్డని పరిచి ఆరెయ్యగలం, లోపలిదాకా ఆరుతుంది. వేడినీళ్ళలో ఉతకగలం. ఒక్కటి అల్లుకుని ఊరుకోకుండా నాలుగైదు చేసుకో. రోజుకొకటి మార్చి, అన్నీ పోగయ్యాక ఒకేసారి 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతుకు. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వెయ్యకు, పోగుల మీద పొర కట్టి నీళ్ళు పీల్చడం తగ్గిపోతుంది. మొదటి ఉతుకులో గుడ్డ కొంచెం కుదించుకుపోతుంది, కంగారు పడకు. ముదురు రంగులది ఉంటే మొదటిసారి విడిగా ఉతుకు.

ఆదివారం పొద్దున్న ఫోన్ చేస్తాను. ఫోన్ గ్లాసుకి ఆనించి పెట్టి నీ చేతులు కనపడేలా కూర్చో. నేను నీకు ఎదురుగా ఉంటాను కాబట్టి నా కుడిచెయ్యి నీకు అద్దంలోలా ఎడమవైపు కనిపిస్తుంది, చూస్తూ అల్లెయ్యొచ్చు. ఆలోపు గొలుసు వేసి, మొదటి రెండు వరసలు ప్రయత్నించి ఉంచు. ఎలా వచ్చినా విప్పకు, ముందు నాకు చూపించు. ఆ తర్వాత ఇద్దరం కలిసి విప్పుదాం.

నాన్న

తాజా కలం: వంకర గుడ్డని చూడటం అయ్యాక గిన్నెలకి వాడుకో. వంకరగా ఉన్నా బాగానే తుడుస్తుంది, నేను మూడు నెలలు వాడాను. పిన్నీసు తియ్యడం మర్చిపోకు.