చెంపకు పటిక, చొక్కా లోపల సెంటు

నల్లగొండ,
ఆదివారం రాత్రి

బిడ్డా,

మంచిగా చేరినవా? బస్సులో సీటు దొరికిందా?

పొద్దున నువ్వు గడ్డం గీసుకుని బయటికి రాగానే మీ అమ్మకు తుమ్ములు మొదలైనయి. ఆఫ్టర్‌షేవ్ ఒక వాసన, డియో ఇంకొకటి, ఆ పైన సెంటు. నీ దోస్తులు ఉన్నారని అప్పుడు ఊరుకున్న. ఇరవై ఏండ్లుగా కటింగ్ షాపు నడుపుతున్న, ఈ ఒక్క విషయంలో నా మాట విను.

సెంటు చెంపల మీద కొట్టుకోకు. బ్లేడు వెంట్రుకనే కాదు, చర్మం పైపొరను కూడా కొంత గీకేస్తుంది. కంటికి కనబడని గాట్లు పడతయి. సెంటులో ఎక్కువ భాగం ఆల్కహాలే, మిగిలింది వాసన నూనెలు. అది గాట్ల మీద పడితే మండుతుంది. నీ మెడ కింద లేచిన ఎర్ర పొక్కులు దానివల్లనే అని నా అనుమానం. ఆఫ్టర్‌షేవ్‌లో కూడా చాలావాటిలో ఆల్కహాల్ ఉంటుంది గానీ వాసన పలచగా కలుపుతారు, కాసేపట్లో పోతుంది. రోజంతా వాసన రావాలని దాన్నే దోసిలితో పూసుకునేవాళ్లను షాపులో ఎంతమందిని చూసిన్నో!

నేనైతే చల్లటి నీళ్లతో కడిగి, తడి పటిక రుద్దుత. చర్మం బిగుసుకుంటుంది, గాటు పడితే రక్తం ఆగుతుంది. పటికకు వాసన లేదు, కాబట్టి ఏ సెంటుతోనూ కొట్లాట లేదు. నీకు పటిక నామోషీ అయితే ఆల్కహాల్, వాసన రెండూ లేని ఆఫ్టర్‌షేవ్ బామ్ కొనుక్కో. ముఖం ఆరినంక, కత్తి తగలని చోట, అంటే ఛాతీ మీద, చెవుల వెనక సెంటు ఒక్కో చోట ఒక్కసారే కొట్టుకో. చాలు. డియో కూడా వాసన లేనిదే చూసుకో. ఇంకోటి, నిమ్మజాతి నూనెలున్న కొన్ని సెంట్లు పూసుకుని ఎండలోకి పోతే అక్కడ నల్లమచ్చలు పడొచ్చు. మన ఎండాకాలం సంగతి నీకు చెప్పాల్నా?

మీ తాత మన ఊరి లతీఫ్ సాహెబ్ గుట్ట దర్గా ఉర్సుకు పోయినప్పుడు అత్తరు అద్దిన దూదిని చెవి మడతలో పెట్టుకుని వచ్చేటోడు. ఒక్క చుక్క, పొద్దుగూకేదాకా ఇల్లంతా వాసన.

నీ సెంటు సీసా బాత్రూం కిటికీలో మర్చిపోయినవు. ఎండ తగిలితే పాడైపోతుందని బీరువాలో పెట్టిన. ఈసారి వచ్చేటప్పుడు చార్మినార్ దగ్గర వట్టివేళ్ల అత్తరు చిన్న సీసా తే. దానికి మీ అమ్మ తుమ్మదు.

మీ నాయిన